మూడవ మనిషి లేని బేరము

2019 వ సంవత్సరమునాటికి కువైట్‌లో ఒక గృహస్థు తన యింట ఊడిగము చేయుచున్న పరదేశపు స్త్రీని మరియొకరికి అప్పగింపదలచినచో, అందుకై అతడు గడప దాటవలసిన పని లేకుండెను. ఆమె ఛాయాచిత్రమును, వయస్సును, దేశమును, వెలను ఫోనులో పొందుపరచిన చాలును. పాత కార్లకును, గృహోపకరణములకును బేరములు కుదుర్చు 'ఫోర్‌సేల్' అను యాప్‌లో మనుష్యులకు సైతము ఒక విభాగము కేటాయింపబడి యుండెను. కొనగోరువారు జాతినిబట్టి ఏరుకొనుటకు వీలు కూడ కల్పింపబడి యుండెను. ఇన్‌స్టాగ్రామ్‌లో 'బదిలీకి పనిమనుషులు' అను అర్థమిచ్చు అరబ్బీ హ్యాష్‌ట్యాగుల క్రింద ఇట్టి ప్రకటనలే కోకొల్లలుగ వెలువడుచుండెను. ఆ యేడు అక్టోబరు మాసాంతమున బి.బి.సి. అరబిక్ విభాగమువారు ఈ వ్యాపారమును లోకమునకు వెల్లడించిరి. క్రొత్తగా కువైట్ చేరిన దంపతులవలె నటించుచు వారు 57 మంది ప్రకటనకర్తలతో సంభాషించిరి. పండ్రెండుగురికి పైగా అమ్మకందారులను వారి యిండ్లకే పోయి కలిసికొనిరి. గృహసేవకు 21 సంవత్సరములు నిండినవారినే నియమింపవలెనని శాసనము గల ఆ దేశమున, గినీ దేశమునుండి తేబడిన 16 ఏండ్ల బాలికను ఒకరు వారికి అమ్మజూపిరి. అమ్మకముతోపాటు సలహాలును ఉచితముగ లభించెను: పాస్‌పోర్టును మీయొద్దనే ఉంచుకొనుడు, వీధి మొగము చూడనీయకుడు, సెలవు దినము ఈయకుడు, చేతికి ఫోను అందనీయకుడు.

ఆ కడపటి సలహాయే ఈ అధ్యాయమునకు మూలము. ఆమెను అంగడికెక్కించినది ఫోను. ఆమెకు నిషేధింపబడినదియు ఫోనే. ఆ యంత్రమువలన తమకు కలుగు బలమెంతయో, అది ఆమె చేత నున్నచో తమకు కలుగు ముప్పెంతయో, ఆ వర్తకులు మనకంటె స్పష్టముగ గ్రహించి యుండిరనుటకు ఇంతకుమించిన నిదర్శనము వేరొకటి యక్కరలేదు. 2018 మే మాసమున ఫిలిప్పీన్స్ ప్రభుత్వము కువైట్‌తో ఒడంబడిక చేసికొన్నప్పుడు, పనిమనుషులు తమ ఫోనులను తమయొద్ద ఉంచుకొనుటకు హక్కు కలవారని ఆ పత్రమున ప్రత్యేకముగ వ్రాయించుకొనెను. ఒక దేశము మరియొక దేశముతో వ్రాయించుకొనవలసినంతటి వస్తువు అది.

మన కడప సీమకును, గోదావరి లంకలకును ఈ వార్త పరాయిది కాదు. రాయచోటి, రాజంపేట, నరసాపురము, రాజోలు ప్రాంతములనుండి స్త్రీలు కొన్ని దశాబ్దములుగా 'ఖద్దామా' (పనిమనిషి) వీసాలపై కువైట్, ఒమాన్, ఖతార్, సౌదీ దేశములకు పోవుచునే యున్నారు. వారిలో ననేకులు నాలుగు రాళ్లు వెనకేసికొని, అప్పులు తీర్చి, ఆడపిల్లల పెండ్లిండ్లు చేసి, సగౌరవముగ తిరిగివచ్చినవారే. కావున వలసయే దోషమనియు, ఆడది ఇల్లు కదలుటయే అనర్థమనియు బోధించుట నా యుద్దేశము కాదు. అట్టి బోధ ఎవ్వరినీ ఆపలేదు, ఆపజాలదు, కష్టము వచ్చినప్పుడు నోరు విప్పనీయకుండ చేయుట మాత్రమే దాని ఫలితము. పోదలచినవారు ఎట్లు పోవలెను, ఎవరి మాట నమ్మవలెను, నమ్మి మోసపోయినచో ఏమి చేయవలెను అనునదియే ఇచ్చట విచార్యము.

మానవ అక్రమ రవాణాను పరిశీలించు ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య, నేర నిరోధక కార్యాలయము 2024 లో ప్రకటించిన నివేదికనుబట్టి, 2022 వ సంవత్సరమున లోకమంతట గుర్తింపబడిన బాధితులలో నూటికి 61 మంది స్త్రీలును బాలికలును. అదే సంస్థ 2020 నాటి నివేదికలో, అంతర్జాలమున ఈ నేరస్థులు అవలంబించు మార్గములను రెండుగా విభజించినది. మొదటిది వేట: వాడు తానుగా వెదకును, ఒంటరితనమును, అప్పును, భర్తతోడి కలహమును, చదువు మానిన విచారమును బహిరంగముగ వ్రాసికొను స్త్రీల పుటలను చదివి, వారిలో నొకరిని ఎంచుకొని, స్నేహముతో చేరువగును. రెండవది గాలము: వాడు 'గల్ఫ్‌లో ఉద్యోగము', 'బ్యూటీ పార్లరుకు అమ్మాయిలు కావలెను', 'సినిమాలో అవకాశము' అని ప్రకటన వ్రేలాడగట్టి, ఎవరు తగులుదురా యని కూర్చుండును. మన ప్రాంతమున ఈ రెండును కలిసియే సాగును. ఫేస్‌బుక్‌లో గాలము వేయబడును. తగిలిన పిదప సంభాషణ వాట్సాప్‌లోనికి మరలింపబడును. అచ్చట వేట యారంభమగును.

ఆ మరలింపునందే కీలకమున్నది. పూర్వమున్న ఏజెంటు ఋజువర్తనుడని నే ననను. వాడును మోసము చేసినవాడే, తాకట్టు పెట్టించి సొమ్ము మ్రింగినవాడే. అయినను వాడు ఊరిలోనికి రావలసియుండెను. అరుగుమీద కూర్చుండి మాటాడవలసియుండెను. వాడు చెప్పిన జీతమును వదినగారు వినెను, ప్రక్కయింటివాడు వినెను, వాని మామగారి ఊరు ఫలానా యని ఎవరో యొకరు చెప్పగలిగిరి. మోసము జరిగిన నాడు పోయి పట్టుకొనుటకు ఒక గడప యుండెను. నేటి బేరమునకు ఇద్దరే సాక్షులు, వాడును ఆమెయు. వానికి ముఖము లేదు, పేరు నేడొకటి రేపొకటి, అంకె యే రాష్ట్రపుదో తెలియదు. సాంకేతిక విజ్ఞానము ఈ నేరస్థునకు చేసిన మహోపకారము వేగము కాదు, దూరము కాదు. మూడవ మనిషిని తొలగించుట. ఈ యొక్క విషయమును గట్టిగ పట్టుకొన్నచో, ఇక ముందు చెప్పబోవు జాగ్రత్తలన్నియు అందుండి తమంతట తామే పుట్టుచున్నట్లు మీకు తోచును.

ఒక సందేశమును చూడుడు. ఇట్టివి గోదావరి జిల్లాల ఫోనులలో నిత్యము తిరుగుచుండును. "అక్కా, మస్కట్‌లో చిన్న ఫ్యామిలీ, ఇద్దరే పిల్లలు, నెలకు ముప్పై అయిదు వేలు. వీసా ఫ్రీ, టికెట్టు ఫ్రీ. ఒక్క సీటే ఉంది, రేపు సాయంత్రంలోగా పాస్‌పోర్టు ఫోటో, నీ ఫోటో రెండూ పంపు. ఇంట్లో ఇప్పుడే చెప్పకు, వీసా చేతికొచ్చాక చెబుదువుగాని." వంట వచ్చునా, పసిపిల్లలను సాకిన అనుభవమున్నదా, అరబ్బీ నాలుగు ముక్కలు తెలియునా అని ఇందొక్క ప్రశ్న లేదు. తరువాతి సంభాషణలో వచ్చు ప్రశ్నలు వేరు: భర్త ఏమి చేయును, అప్పెంత, పిల్లలెవరియొద్ద నుందురు, అన్నదమ్ములున్నారా. నిజముగ పని యిచ్చువాడు మీ నేర్పును గూర్చి అడుగును. మిమ్ము వస్తువుగ జూచువాడు మీ అక్కరను గూర్చియు, మీ వెనుక ఎవరున్నారను దానిని గూర్చియు అడుగును. మీ పనితనము తెలియకముందే మీ కష్టము తెలిసికొనగోరు ఏ ఉద్యోగదాతనైనను అనుమానించుటకు మీకు సంపూర్ణమైన అధికారము కలదు. ఇక 'ఇంట్లో చెప్పకు' అన్న మాట యొక్కటి చాలును. ఆ మాట వినిన క్షణమున ఆ బేరము ముగిసినదని తలచుడు.

కావున ఇట్టి బేరమునకు మూడవ మనిషిని పిలువవలెను గాని, ఎవరైనను సరిపోదురనుకొనరాదు. తొల్లి అచ్చటికి పోయివచ్చిన పిన్నియో, అక్కయో 'నాకు బాగుంది, నువ్వూ రా' అని స్వరసందేశము పంపుట కద్దు. ఆమె తలకింతయని దళారీ సొమ్ము తీసికొనుచుండవచ్చును. లేదా తనకు బదులు మరియొకరిని రప్పించిననే గాని తన్ను విడువమని ఆమెను వారు నిర్బంధించి యుండవచ్చును. కావున ఆ బేరమువలన తనకు దమ్మిడీ లాభము లేనివారే మూడవ మనిషి. ఊరిలోని ఉపాధ్యాయుడు కావచ్చును, సచివాలయమునందలి మహిళా పోలీసు కావచ్చును, డ్వాక్రా సంఘమునందలి చదువుకొన్న యువతి కావచ్చును. వారి చేతికి ఫోనిచ్చి, సంభాషణ మొదటినుండి కడవరకు చదివింపుడు. మనము పదిమార్లు చదివినను కానరాని దోషము, ఆశ లేని కన్నునకు ఒక్క చూపున కానవచ్చును.

ఇక శాసనము కల్పించిన మూడవ మనిషి యొకడున్నాడు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులు సాధారణముగ ఇ.సి.ఆర్. (వలస తనిఖీ అవసరమైన) తరగతికి చెందును. అట్టివారు గల్ఫ్ దేశములతో సహా 18 దేశములకు ఉద్యోగార్థము పోవుటకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి అనుమతి కావలెను. స్త్రీలకు మరి రెండు నిబంధనలున్నవి: ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుతో గృహసేవకు పోవు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. 2016 ఆగస్టునుండి అట్టి నియామకములు ప్రభుత్వ సంస్థల ద్వారముననే జరుగవలెను. ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనునవి అట్టి సంస్థలు. అనగా వాట్సాప్‌లో ఎవడో యొకడు 'నేను లైసెన్సు ఏజెంటును, నిన్ను పనిమనిషిగా పంపెదను' అన్నచో, వాని లైసెన్సు నిజమైనను ఆ మాట శాసనసమ్మతము కాదు. ఇతర ఉద్యోగములకు పోవువారు 'ఈ-మైగ్రేట్' అను ప్రభుత్వపు వెబ్‌సైటునందు ఏజెంటు పేరును, లైసెన్సు అంకెను వెదకి చూడవలెను. అందు పేరున్న మాత్రమున చాలదు. లైసెన్సు చెల్లుబాటులో నున్నదా, రద్దయినదా అని కూడ చూడవలెను. ఏజెంటు తీసికొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. అంతకుమించి అడిగినవాడు అడిగినప్పుడే నేరస్థుడు. అసలే సొమ్మక్కరలేదన్నవానిని గూర్చి సంతోషింపకుడు. మీయొద్ద తీసికొననివాడు మిమ్ము అప్పగించినచోట తీసికొనును, ఆ సొమ్మును మీ యొడలితో చెల్లింపవలసివచ్చును. సేటు 'నిన్ను ఇంత పెట్టి కొంటిని' అని మొగముమీద అనిన తరువాత గాని ఉచిత వీసా వెల యెంతో తెలియక వాపోయిన స్త్రీలు మన జిల్లాలలో తక్కువగ లేరు.

ఈ 30 ఏండ్ల నిబంధనను గూర్చి ఒక్క మాట. ఇది రక్షణార్థమే చేయబడినది. కాని ఇరువదియైదేండ్ల యువతికి ఆకలి ఆగదు. ఆమెకు రాజమార్గము మూయబడినప్పుడు దొంగదారి చూపువాడు సిద్ధముగనే యుండును. వాడు విజిట్ వీసాపై దుబాయి తీసికొనిపోవును, అచ్చటనుండి ఒమాను సరిహద్దు దాటించును. సందర్శకునకు ఎమిగ్రేషన్ అనుమతి యక్కరలేదు గదా. ఆ దారిని పోయిన స్త్రీ మన ప్రభుత్వపు లెక్కలలో కూలికి పోయినదే కాదు, విహారమునకు పోయినది! ఒప్పందము లేదు, బీమా లేదు, వీసా గడువు దాటినంతనే ఆమెయే అపరాధిని. ఈ శాసనము మారవలెనని నా మతము. అది మారునంతవరకు, విజిట్ వీసాపై పనికి పొమ్మన్నవాడు ఎంత తీయగ మాటాడినను పోరాదు. ఇదివరకే పోయి దుబాయిలో చిక్కుకొనియున్నచో, అచ్చటి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రమునకు 800 46342 అను అంకెపై ఫోను చేయవచ్చును. మన దేశమునుండి కుటుంబమువారు 1800 11 3090 నకు చేయవచ్చును.

సక్రమముగ పోవువారికిని సన్నాహము కావలెను. చేతిలోని ఫోను తీసికొనబడునని మొదటినే యనుకొని సిద్ధపడుడు. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందము, యజమాని చిరునామా, ఏజెంటు ఫోను అంకెలు, వానితో జరిగిన సంభాషణల చిత్రములు — వీనిని ఫోనులో మాత్రమే దాచిపెట్టుకొని విమానమెక్కుట ఇంటి తాళపు చెవిని ఇంటిలోనే వైచి తలుపు మూసికొనుట వంటిది. ఒక ప్రతిని కాగితముపై తీయించి ఇంటిలోని నమ్మకస్థులకు ఈయుడు. రెండు ఫోను అంకెలను కంఠస్థము చేయుడు. ఇప్పటి మనకు భార్యాభర్తల అంకెలు కూడ నోటికి రావు గనుక దీనిని హాస్యముగ తీసికొనవద్దు. ఇంటివారితో ఒక సంకేతమును ముందుగ నిర్ణయించుకొనుడు: ప్రక్కన ఎవరో నిలుచుండి మాటాడింపుచున్నప్పుడు 'మన ఎర్రావు ఈనిందా' అని యడిగినచో, ఆవే లేని ఇంటివారికి విషయము బోధపడవలెను. 'బాబా', 'మామా' అని పిలిపించుకొను యజమానులు మంచివారే యైనచో ఆ ప్రశ్న వాడుటకే అవసరము రాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన యని యొకటి కలదు. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించినచో ప్రమాదమున మరణమో, శాశ్వత వైకల్యమో సంభవించినప్పుడు 10 లక్షల రూపాయల రక్షణ లభించును. పండుగ చీరకు పెట్టు సొమ్ములో నాలుగవ వంతైనను కాదు.

పోవు దేశపు శాసనమును తెలిసికొనిపొండు. కువైట్‌లో 2015 నాటి 68 వ సంఖ్య గల చట్టము గృహసేవకులకై చేయబడినది. దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదు. వారమునకొక సెలవు దినము. సంవత్సరమునకు 30 దినముల వేతన సహితమైన సెలవు. పనిమనిషి సమ్మతి లేక ఆమె పాస్‌పోర్టును యజమాని తనయొద్ద ఉంచుకొనరాదు. శాసనమున్నంత మాత్రమున అది యింటింట అమలు జరుగుచున్నదని నేననుటలేదు, బి.బి.సి. వారు చూచినది ఆ చట్టము వచ్చిన నాలుగేండ్లకే గదా. కాని హక్కు తెలియనిది వేడుకొనును, తెలిసినది అడుగును. రాయబార కార్యాలయమున ఫిర్యాదు వ్రాయునప్పుడు ఈ రెండింటికిని గల భేదము తెలియును. విదేశ వ్యవహారముల శాఖవారి 'మదద్' అను వెబ్‌సైటు 2015 నుండి నడుచుచున్నది. ఇంటిలో కూర్చుండి కొడుకో, కూతురో అందు ఫిర్యాదు నమోదు చేయవచ్చును, అది యే యధికారి యొద్ద నిలిచియున్నదో చూచుకొనవచ్చును.

దేశము దాటకయే ఇట్టి విక్రయములు జరుగునని మరువరాదు. 2022 డిసెంబరులో సైబరాబాదు పోలీసులు ఒక ముఠాను పట్టుకొని, దానివలన 14,190 మంది స్త్రీలు బాధితులైరని ప్రకటించిరి. ఉద్యోగములు ఆశచూపి రప్పింపబడిన స్త్రీలలో మన దేశపు వివిధ రాష్ట్రములవారును, విదేశీయులును గలరు. వారి ఛాయాచిత్రములు వెబ్‌సైట్లలో పెట్టబడెను. అందలి అంకెకు ఫోను చేసిన విటునితో మాటాడుటకు కాల్ సెంటర్లుండెను. బేరము వాట్సాప్ గుంపులలో సాగెను. మాటాడువాడొకడు, చిత్రము పెట్టువాడొకడు, గది యేర్పాటు చేయువాడొకడు, సొమ్ము లెక్కించువాడొకడు. ఏ యొక్కడును తాను స్త్రీని అమ్ముచున్నానని యనుకొనడు, తన పని తాను చేయుచున్నానని యనుకొనును. విక్రయము కార్యాలయపు పనిగా మారుటయే దీనిలోని భయంకరత్వము.

ఇట్టి ప్రకటనలకు చోటిచ్చు సామాజిక మాధ్యమ కంపెనీలకు ఇది తెలియదా? తెలియును. గృహదాస్యపు ప్రకటనలను అరికట్టనిచో ఫేస్‌బుక్‌ను తమ యాప్ స్టోరునుండి తొలగింతుమని 2019 లో ఆపిల్ సంస్థ హెచ్చరించినదనియు, ఆ విషయమును గూర్చి అంతకుముందే తమకు తెలిసియుండినదని ఫేస్‌బుక్ సంస్థలోపలి పత్రములే యొప్పుకొనుచున్నవనియు 2021 లో బయటపడెను. కొన్ని వేల గృహసేవకురాండ్ర మొర వినని చెవి, వ్యాపారము పోవునన్న మాట వినగనే తెరచుకొనెను. కావున 'రిపోర్ట్' అను మీట నొక్కుడు గాని, దానితో మీ కర్తవ్యము తీరినదని తలపకుడు. ప్రకటన మాయమగుటకు ముందు దాని చిత్రమును, దాని చిరునామాను భద్రపరచుకొనుడు.

ఇక ప్రేమ పేరిట జరుగు వేటను గూర్చి. దీనిని విస్తరించి చెప్పుటకు మనస్సొప్పదు గాని చెప్పక తప్పదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన యువకుడు మాసములకొలది ఓపికతో మాటాడును. పిమ్మట ఒక చిత్రము అడుగును. ఆ చిత్రము చేజిక్కిన దినమున అతని కంఠస్వరము మారును. 'హైదరాబాదు రా, లేనిచో మీ నాన్నకు పంపెదను.' ఇచ్చట సంకెల ఇనుముతో చేసినది కాదు, సిగ్గుతో చేసినది. అట్టి చిత్రము తన యంగీకారము లేక వ్యాపింపకుండ అడ్డుకొనుటకు 'స్టాప్ ఎన్.సి.ఐ.ఐ.' అను సేవ 2021 డిసెంబరునుండి కలదు: చిత్రము మీ ఫోను దాటి పోదు, దానినుండి పుట్టించిన యొక అంకెల గుర్తు మాత్రమే పోవును, ఆ గుర్తు కలిసినచోట, సభ్యత్వము గల సంస్థలు ఆ చిత్రమును తొలగించును. పదునెనిమిదేండ్లు నిండనివారికి చైల్డ్‌లైన్ 1098 కలదు. సైబర్ నేరమునకు 1930, స్త్రీల సహాయమునకు 181, ప్రాణాపాయమైనచో 112. బెదిరించినవానికి ఒక్క రూపాయియు ఈయరాదు, అతడు పిలిచినచోటికి పోరాదు. హైదరాబాదులోని ప్రజ్వల సంస్థ 2015 లో, అత్యాచార దృశ్యములు వాట్సాప్‌లో తిరుగుచుండుటను సర్వోన్నత న్యాయస్థానమునకు లేఖ వ్రాసి తెలుపగా, ఆ లేఖనే న్యాయస్థానము వ్యాజ్యముగ స్వీకరించెను. అచ్చట సాక్ష్యములైనవి ఆ దృశ్యములే. కాని బాధితురాలు సిగ్గుతో మొట్టమొదట చేయు పని సంభాషణను తుడిచివేయుట. అపరాధి కోరునదియు అదియే.

గృహస్థులగు పురుషులకు ఒక మాట చెప్పవలసియున్నది. కూతురు ఎవనితోనో మాటాడుచున్నదని తెలియగనే ఫోను లాగికొని, చదువు మాన్పించి, గది గడియ వేయు తండ్రులు మనలో ననేకులు. కువైట్‌లో అమ్మకందారు కొనుగోలుదారునకు చెప్పిన సలహాలను మరియొకమారు చదువుకొనుడు. ఫోను ఈయవద్దు, వీధి చూడనీయవద్దు. ప్రేమతో చేసినను ఆ పని యదియే. తండ్రితో చెప్పుకొన్నచో దండన తప్పదని యెరిగిన బాలిక, దండింపడని తాను నమ్మినవానితోనే చెప్పుకొనును. వాడు కోరునదియు అదియే. 'ఏమి జరిగినను నాతో చెప్పుము, ఫోను తీసికొనను, చదువు మాన్పింపను' అని తండ్రి ముందుగ మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొన్న యింట మూడవ మనిషి యెల్లప్పుడును ఉన్నట్లే.

మగపిల్లలకు ఇవి యక్కరలేదని తలపవలదు. కంబోడియాకు డేటా ఎంట్రీ ఉద్యోగములని పంపబడిన మన యువకులను నిర్బంధించి సైబర్ మోసములు చేయించుచున్నారని 2024 మే నెలలో విశాఖపట్నపు పోలీసులు బయటపెట్టిరి. మయన్మారులో కనీసము 1,20,000 మంది, కంబోడియాలో లక్షమంది వరకు ఇట్లు చిక్కుకొనియుందురని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023 లో అంచనా వేసెను. ఆ చెరలో మగవారిచేత ఆడవారి పేర్లతో ప్రేమలేఖలు వ్రాయించి పురుషులను మోసగింపజేయుదురు. స్త్రీ చిత్రము లేనిదే ఆ వ్యాపారమునకును పూట గడవదు!

తిరిగివచ్చిన స్త్రీ పోలీసు స్టేషనుకు పోయినప్పుడు ఎదురగు మొదటి ప్రశ్న తరచుగ నొకటే: 'నీ యిష్టముతోనే పోయితివి గదా?' దీనికి భారతీయ న్యాయ సంహిత 143 వ సెక్షనే సమాధానము. ఆశచూపియో, వంచించియో, బెదిరించియో దోపిడికై మనిషిని తరలించుట నేరము. బాధితురాలి సమ్మతి లెక్కలోనికి రాదు. శిక్ష 7 ఏండ్లకు తగ్గదు, బాధితులు ఒకరికంటె ఎక్కువైనను, పదునెనిమిదేండ్లలోపు వారైనను 10 ఏండ్లనుండి యావజ్జీవము వరకు. ఈ సెక్షనును పేరెత్తి అడుగుడు. లేనిచో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము మాత్రమే పెట్టి ఊరుకొనుట కద్దు. దాని క్రింద లైసెన్సు లేని ఏజెంటునకు పడు శిక్ష రెండేండ్లకు మించదు, జరిమానా రెండు వేల రూపాయలకు మించదు. ఒక స్త్రీని పంపినందుకు వానికి ముట్టిన సొమ్ములో అది వక్కాకు ఖర్చు.

ఫిర్యాదు ఏ స్టేషనులోనైనను ఈయవచ్చును, పరిధి కాదని త్రిప్పిపంపరాదు. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగ ఈయవలెను. ఫోను అప్పగింపకముందు సంభాషణలను వేరొకచోట నకలు తీసి, స్వరసందేశములను భద్రపరచి, సొమ్ము పంపిన రసీదులను, ఏజెంటు చిత్రమును, అతడు మార్చిన అంకెలన్నింటిని తేదీల క్రమమున కాగితముమీద వ్రాసికొని పొండు. ఫోను తీసికొన్నచో పంచనామాలో దానిని నమోదు చేయించి సంతకము చేయుడు. న్యాయవాదికి సొమ్ము లేనివారు 15100 అను అంకెకు ఫోను చేసినచో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగ న్యాయవాదిని ఏర్పరచును. బాధితుల పరిహారమునకు దరఖాస్తు కూడ అచ్చటనే ఈయవలెను. వ్యాజ్యము తేలువరకు వేచియుండ నక్కరలేదు, మధ్యంతర పరిహారమును ముందుగనే కోరవచ్చును.